జానెడు ఎత్తు

చక్రాల కుర్చీలో సీటు నేల నుంచి సుమారు 19, 20 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఇప్పటి హోండా యాక్టివా సీటు ఎత్తు 692 మిల్లీమీటర్లు, అంటే 27 అంగుళాల పైచిలుకు. తేడా ఏడెనిమిది అంగుళాలు, దాదాపు జానెడు. కాళ్ళు ఆడేవాళ్ళ కంటికి ఈ జానెడు ఆననే ఆనదు. నడుము కింద పట్టు లేని మనిషి మాత్రం ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి బండి మీద ఆనించి, ఒంటి బరువంతా భుజాల మీదికి తీసుకుని, ఆ జానెడు పైకి లేచి పక్కకి జరగాలి. ఆ క్షణంలో బండి రవ్వంత కదిలినా, పట్టుకున్న కడ్డీ కాస్త ఊగినా కింద పడటమే.

వీల్‌చైర్ వాడేవాళ్ళ కోసం బండి కొనాలనుకున్నప్పుడు ఇంట్లోవాళ్ళూ బంధువులూ మైలేజీ ఎంత, సబ్సిడీ వస్తుందా, మళ్ళీ అమ్మితే ఎంత పలుకుతుంది అని అడుగుతారు. అడగవలసినవే. కానీ బండి పనితనమంతా ఈ జానెడు దగ్గరే తేలిపోతుందని నా నమ్మకం. ఎక్కేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, దిగేటప్పుడు ఇంకొకరు కుర్చీ తెచ్చిపెట్టాలి అంటే ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ బండి సగం పనే చేసినట్టు. రెండో మనిషి చెయ్యి ఎన్నిసార్లు అవసరమవుతుందో లెక్కపెట్టాలి. ఆ లెక్క తగ్గేకొద్దీ బండి చేసినవాడి పనితనం మెరుగైనట్టు. ఈ కొలతతోనే తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్‌లో తిరిగే బండ్లని కొంతకాలంగా గమనిస్తున్నాను. చూసేకొద్దీ వాటి వెనకున్న చేతుల మీద గౌరవం పెరుగుతోంది.

ఇలాంటి పరిశీలనకి ఇంతకంటే తగిన చోటు హైదరాబాద్‌లో నాకు తెలియదు. తార్నాక చౌరస్తా నుంచి ఆర్ట్స్ కాలేజీ రెండు మూడు కిలోమీటర్లు. బండరాళ్ళ నేల మీద వేసిన రోడ్లు కాబట్టి పైకీ కిందికీ సన్నని వాలు ఉంటుంది. నడుమ నడుమ స్పీడ్ బ్రేకర్లు. లైబ్రరీ ఒకచోట, హాస్టలు ఒకచోట, డిపార్ట్‌మెంటు మరోచోట. నడిచేవాళ్ళకే కాళ్ళు లాగే దూరాలివి. చౌరస్తాలో 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తోంది. లిఫ్టెక్కితే ప్లాట్‌ఫారం, ప్లాట్‌ఫారానికి సమానంగా రైలుపెట్టె నేల. కుర్చీ దిగకుండా రాయదుర్గం దాకా పోయి రావచ్చు. అంత దూరం సులువుగా దాటించిన నగరం స్టేషను మెట్ల కింద మాత్రం మనిషిని వదిలేస్తుంది. అక్కడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి క్లాసుకి ఉన్న ఆ కాస్త దూరమే అసలు చిక్కు.

క్యాంపస్‌లో ఎక్కువగా కనిపించేది వెనక రెండు పక్కలా అదనపు చక్రాలు బిగించిన స్కూటరు. మూడు చక్రాల స్కూటీ అంటారు గానీ లెక్కకి నాలుగు: ముందొకటి, వెనక మధ్యలో ఒకటి, దానికి ఇటొకటి, అటొకటి. స్కూటరే ఎందుకంటే దాన్ని నడపడానికి కాలితో పని లేదు. పాత బజాజ్ చేతక్‌లో వెనక బ్రేకు కాలి కింద ఉండేది, స్టార్టు చేయాలంటే కిక్కు కొట్టాలి. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, క్లచ్చు లేదు, బటన్ నొక్కితే స్టార్టు. ఎవరి కోసం తయారైందో గానీ, పోలియో సోకిన ఒక తరం దాన్ని తమ బండిగా చేసుకుంది. తర్వాత ఆ చోటు యాక్టివా తీసుకుంది. రెండు బ్రేకులూ చేతివేళ్ళ కిందే ఉంటాయి. ఎడమ లివరు నొక్కితే వెనక చక్రంతోపాటు ముందు చక్రానికీ బ్రేకు పడుతుంది. ఒక చేతిలో బలం తక్కువైనవాళ్ళకి ఆ ఒక్క ఏర్పాటు ఎంత ధీమానో నడిపేవాళ్ళని అడిగితే చెబుతారు.

తార్నాక నుంచి లాలాగూడ వైపు పోయే దారిలో ఒక షెడ్డులో ఈ పక్క చక్రాలు బిగించడం దగ్గరుండి చూశాను. కిట్టు తయారై వస్తుంది. చదరపు గొట్టాలతో చేసిన ఫ్రేము, రెండు చక్రాలు, రెండు షాక్ అబ్జార్బర్లు, మడ్‌గార్డులు. బిగించడం పూటలో అయిపోయే పనిలా కనిపిస్తుంది. అసలు విద్య బిగించిన తర్వాత మొదలవుతుంది.

మూడు కాళ్ళ పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీద వేసినా కుదురుగా నిలుస్తుంది, నాలుగు కాళ్ళ పీట ఏదో ఒక కాలు గాల్లో పెట్టి ఊగుతుంది. ఈ స్కూటరుకి వచ్చే ఇబ్బంది సరిగ్గా అదే. వెనక మూడు చక్రాలు ఒకే వరసలో ఉన్నాయి. వాటిలో ఇంజను తిప్పేది మధ్య చక్రాన్నే. వెనక బ్రేకు ఉన్నదీ దానికే. పక్క చక్రాలు గట్టిగా, ఒకే ఎత్తులో బిగుసుకుపోతే, రోడ్డు మధ్యలో చిన్న పల్లం రాగానే బండి బరువంతా పక్క చక్రాల మీద నిలబడిపోతుంది. మధ్య చక్రం నేలని అందుకోలేక ఉత్తినే గిరగిరా తిరుగుతుంది. బండి ముందుకి పోదు, బ్రేకు వేస్తే సరిగ్గా పట్టదు. పక్క చక్రాలని బాగా పైకి లేపి బిగిస్తే బండి అటూ ఇటూ ఒరుగుతుంది. ఆ ఒరుగు నడుము పట్టు లేని మనిషికి ప్రమాదం. ఈ రెండింటికీ నడుమ ఒక సన్నని చోటు ఉంది. స్ప్రింగు బిగువు, చక్రం ఎత్తు, ఎక్కేవాళ్ళ బరువు ఈ మూడూ కలిసిన చోట అది దొరుకుతుంది. ఆ చోటు పట్టుకోవడమే మెకానిక్ పనితనం.

అతను దాన్ని పట్టుకున్న తీరు చూసి తీరాలి. బండి తీసుకోవడానికి పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి తండ్రితో వచ్చింది. తండ్రి అలవాటు కొద్దీ కూతుర్ని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టబోయాడు. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“బిడ్డా, నువ్వే ఎక్కు. మీ నాయినను పట్టుకోనియ్యకు. నువ్వు ఎట్ల ఎక్కుతవో చూస్తెనే నాకు కొలత దొరుకుతది.”

“పడ్తది భాయ్” అన్నాడు తండ్రి.

“నేనున్న గదన్నా. పడనిస్తనా?”

ఆమె ఎక్కింది. ఏ చెయ్యి ముందు వేసింది, ఏ కడ్డీ కోసం తడుముకుంది, బరువు ఎటు మొగ్గింది, అన్నీ అతను పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. ఆమె ఎడమచెయ్యి గాల్లో వెతికిన చోట సుద్దముక్కతో ఫ్రేము మీద గీత గీశాడు. ఆ గీత దగ్గర ఒక పట్టుకడ్డీ వచ్చింది. తర్వాత ఆమెని అలాగే కూర్చోబెట్టి, మధ్య టైరు కింద ఒక అట్టముక్క దూర్చి లాగి చూశాడు. తేలిగ్గా వచ్చేసింది. పక్క చక్రాల స్ప్రింగు వదులు చేశాడు. మళ్ళీ లాగాడు. ఈసారి అట్ట రాలేదు, చినిగింది. అప్పుడు నట్లు బిగించాడు. బరువు మనిషిది కాబట్టి మనిషి కూర్చున్నప్పుడే కొలవాలి. బండి ఖాళీగా ఉన్నప్పుడు పెట్టిన లెవెలు ఎందుకూ కొరగాదు.

ఆ షెడ్డులో ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. స్కూటరు ఛాసిస్ మీద ఒక్క చోట కూడా వెల్డింగు పెట్టలేదు. కంపెనీవాడు ఇచ్చిన బోల్టు రంధ్రాలనే వెతికి వాడుకున్నాడు. వెల్డింగు వేడికి పల్చటి గొట్టం బలం తగ్గుతుంది, ఎప్పుడో గతుకులో పగులు ఇస్తుంది. అదనపు ఫ్రేములో మాత్రం గొట్టాలు కలిసే మూలల్లో త్రికోణపు రేకుముక్కలు అతికాడు. బరువు పడి వంగే చోటు మూలే కాబట్టి అక్కడ ఆ ముక్క లేకపోతే ఫ్రేము నాలుగు కాలాలు నిలవదు. నట్లన్నీ లోపల నైలాన్ రింగు ఉన్నవి. కుదుపులకి మామూలు నట్టు సడలిపోతుంది, ఇది సడలదు. పైపైన రంగు తళతళలాడే బండ్లలో ఈ మూలలు ఎలా ఉన్నాయో కొనేవాళ్ళు వంగి చూడాలి. కిట్టు ఆమోదం పొందినదేనా, మార్పు ఆర్సీలో ఎక్కుతుందా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం వికలాంగుల బండిని నిర్వచించినప్పుడు ప్రత్యేకంగా తయారైనదే అయి ఉండాలని, మామూలు బండికి మార్పులు చేస్తే సరిపోదని రాసింది. దేశమంతా ఇలాంటి షెడ్లలో మార్చిన బండ్ల మీద తిరుగుతుంటే చట్టానికి అవి కనబడలేదు. 2019 సవరణ ఆ నిర్వచనాన్ని మార్చి, నిబంధనల ప్రకారం మార్పులు చేసిన బండ్లనీ అందులో చేర్చింది. ఆలస్యంగానైనా షెడ్డు పనికి దక్కిన గుర్తింపుగానే నేను దాన్ని చూస్తాను.

నడపడంలోనూ తెలుసుకోవలసింది ఒకటుంది. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది. పక్క చక్రాలు ఉన్న బండి వాలదు. హ్యాండిలు తిప్పితేనే తిరుగుతుంది, తిరిగేటప్పుడు బరువు బయటి చక్రం మీదికి పోతుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎప్పుడూ స్కూటరు నడపనివాళ్ళు దీన్ని చకచకా నేర్చుకుంటారు. ప్రమాదంలో వెన్నెముక దెబ్బతినకముందు ఏళ్ళతరబడి బైకు నడిపినవాళ్ళకే కష్టం, ఒళ్ళు పాత అలవాటు కొద్దీ వాలబోతుంది. అలాంటివాళ్ళు తార్నాక మెయిన్ రోడ్డు మీదికి పోకుండా కొన్నాళ్ళు క్యాంపస్ లోపలి రోడ్ల మీదే చెయ్యి తిరిగేదాకా నడపడం మంచిది.

ఇక అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసినవి కాళ్ళు. నడుము కింద స్పర్శ లేనివాళ్ళకి పాదం ఫుట్‌బోర్డు మీద నుంచి జారి రోడ్డుకి రాసుకుపోతున్నా తెలియదు. సైలెన్సరుకి పిక్క తగిలి కాలినా తెలియదు. ఇంటికి వచ్చి ప్యాంటు మడిచి చూసుకుంటే తెలుస్తుంది. అందుకని ఫుట్‌బోర్డు అంచుకి రెండంగుళాల గట్టు, పాదాలకి అడ్డంగా ఒక పట్టీ, సైలెన్సరు మీద జాలీ ఉండాలి. సీటు కూడా మామూలు రెగ్జిన్ సీటు పనికిరాదు. ఒకేచోట ఒత్తిడి పడితే పుండ్లు పడతాయి, అవి మానడానికి నెలలు పడుతుంది. నేను చూసిన మంచి బండ్లలో కుర్చీ మీద వాడే కుషన్‌నే ఎక్కేటప్పుడు బండి సీటు మీదికి మార్చుకునేలా పట్టీలు ఉన్నాయి. ఇవి ఏ కంపెనీ కాగితంలోనూ ఉండవు. వాడినవాళ్ళు చెప్తే మెకానిక్ విని, ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చినవి.

ఇంత చేసినా స్కూటరులో ఒక లోటు ఉండిపోతుంది. ఎక్కినాక కుర్చీ సంగతేమిటి? మడత పెట్టినా 15 కిలోలకి తక్కువుండని ఉక్కు కుర్చీని సీటు మీద కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి ఎత్తి క్యారియర్ మీద పెట్టుకోలేడు. చాలామంది చేసేది ఒకటే: ఇంటి దగ్గర ఒక కుర్చీ, డిపార్ట్‌మెంటులో ఇంకో కుర్చీ. రోజూ ఒకే దారిలో పోయేవాళ్ళకి అది సరిపోతుంది. మధ్యలో మందుల షాపు దగ్గర దిగాలన్నా, సాయంత్రం ఎవరింటికైనా వెళ్ళాలన్నా మళ్ళీ ఇంకొకరి చెయ్యి కావాలి.

ఈ లోటుకి మద్రాసు ఐఐటీలో ఒక అందమైన జవాబు పుట్టింది. అక్కడ సుజాతా శ్రీనివాసన్ నడిపే టీటీకే కేంద్రం కృత్రిమ అవయవాలు, చక్రాల కుర్చీల మీద చాలాకాలంగా పనిచేస్తోంది. 2019లో ఎరైజ్ అనే కుర్చీ తెచ్చింది, కూర్చున్న మనిషి తనంతట తానే నిలబడగలిగే కుర్చీ. అదే ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ నియోఫ్లై అనే కుర్చీని, నియోబోల్ట్ అనే ముందు బండిని తయారుచేసింది. నియోబోల్ట్ అంటే మోటారు చక్రం, హ్యాండిలు, లిథియం బ్యాటరీ కలిసిన ముందుభాగం. కుర్చీలో కూర్చునే దాన్ని ముందుకి తగిలించుకుంటే కుర్చీ ముందు ఉండే చిన్న చక్రాలు నేల నుంచి పైకి లేస్తాయి, కుర్చీయే స్కూటరవుతుంది. గంటకి 25 కిలోమీటర్ల దాకా వేగం, ఒక్క చార్జింగుకి సుమారు 25 కిలోమీటర్ల దూరం. లైబ్రరీ ముందు దాన్ని విప్పి పక్కన పెడితే మళ్ళీ మామూలు కుర్చీ, అదే కుర్చీలో లోపలికి. ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. జానెడు ఎత్తు అన్న మాటే ఉండదు.

ఇందులో నేను ముచ్చటపడేది మోటారుని కాదు, ఆ లేచే చక్రాలని. కుర్చీ ముందు ఉండే ఆ బుల్లి చక్రాలు గదిలో గిర్రున తిరగడానికి బాగుంటాయి. రోడ్డు మీద మాత్రం చిన్న గులకరాయికి కూడా తట్టుకుని ఆగిపోతాయి, కుర్చీలోని మనిషి ముందుకి పడతాడు. వాటికి బదులు పెద్ద చక్రం వేస్తే ఇంట్లో కుర్చీ తిరగదు. కావలసినప్పుడు నేల మీద, అక్కర్లేనప్పుడు గాల్లో ఉండేలా చెయ్యడంలో ఆ ఇంజినీర్ల ఆలోచన అంతా ఉంది. దీనికీ హద్దులున్నాయి. వాన నుంచి కాపుదల లేదు. లాగే చక్రం ముందుంది, మనిషి బరువు ఎక్కువగా వెనక ఉంది కాబట్టి నిట్ట ఎత్తు మీద ముందు చక్రం జారుతుంది. క్యాంపస్ వాలుకి ఫరవాలేదు. హబ్సిగూడ వైపు బస్సుల మధ్య 25 కిలోమీటర్ల వేగంతో పోవడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. క్యాంపస్ లోపల ఉండేవాళ్ళకి, చౌరస్తా దగ్గర మెట్రో అందుకునేవాళ్ళకి దీనికి సాటి లేదు.

బండి ఏదైనా చివరికి ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ కట్టడం ముందు నిలబడితే ఆ రాతిపనికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది, ఆ మెట్ల వరసని చూస్తే కుర్చీలో ఉన్నవాళ్ళు గుర్తొస్తారు. చంకకర్రలతో నడిచిన ఎస్. జైపాల్ రెడ్డి ఈ విశ్వవిద్యాలయంలోనే చదివి, విద్యార్థి నాయకుడై, కేంద్రమంత్రి దాకా వెళ్ళారు. కట్టడాల్లోకి కుర్చీ వెళ్ళగలగాలన్న విషయంలో ఇటీవల దేశమంతా వినవలసివచ్చిన మాట హైదరాబాద్ నుంచే వెళ్ళింది. బహిరంగ స్థలాలు వికలాంగులకి ఎంతవరకు అందుతున్నాయో అధ్యయనం చేసి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని కేంద్రం ఇచ్చిన నివేదికని ఆధారం చేసుకునే, రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

కార్ల విషయానికొస్తే, కారుకీ చక్రాల కుర్చీకీ ఉన్న చుట్టరికం పాతది. 1918లో గని ప్రమాదంలో నడుము పడిపోయిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్, ఇంజినీరైన తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930లలో అడ్డంగా మడిచే గొట్టాల కుర్చీని తయారుచేశాడు. 1937లో పేటెంటు వచ్చింది. అప్పటిదాకా కుర్చీలు కొయ్యవి, బరువైనవి. కారులో పట్టాలన్న కోరికే ఆ మడతని పుట్టించింది. ఇవాళ ఏ ఆసుపత్రిలో చూసినా కనబడే ఆ కత్తెర మడత అలా వచ్చిందే.

కారులో రెండు దారులున్నాయి. కుర్చీ నుంచి సీటు మీదికి మారడం ఒకటి, కుర్చీతో సహా లోపలికి పోవడం రెండోది. చేతుల్లో బలం ఉన్నవాళ్ళకి మొదటిది హాయి. దానికి పొడుగాటి, నిటారుగా ఉండే చిన్న కార్లు నప్పుతాయి. పొట్టి సెడాన్ సీటులోకి దిగడం సులువే గానీ పైకి లేవడం నరకం. వ్యాగన్‌ఆర్ లాంటి వాటిలో సీటు కుర్చీ ఎత్తుకి దగ్గరగా ఉంటుంది, తలుపు ఎత్తుగా తెరుచుకుంటుంది. వ్యాగన్‌ఆర్‌కే బయటికి తిరిగే సీటు బిగించుకోవచ్చు. మారుతి సుజుకీ కూడా బెంగళూరు స్టార్టప్ ఒకదానితో కలిసి ఇలాంటి సీటుని తెచ్చింది. తిరిగే సీటు చూడ్డానికి సాదాసీదా, చెయ్యడం కష్టం. సీటు అక్కడే తిరిగితే మోకాళ్ళు తలుపు స్తంభానికి తగులుతాయి. కాబట్టి తిరుగుతూనే బయటికి జరగాలి, జరిగినచోట తాళం పడినట్టు ఆగాలి. కొనేముందు మోకాళ్ళు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో చూడాలి, ముఖ్యంగా స్పర్శ లేనివాళ్ళ విషయంలో.

తామే నడపాలనుకునేవాళ్ళకి 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన చవక ఆటోమేటిక్ గేర్లు పెద్ద మేలు చేశాయి. క్లచ్చు పెడలు పోయింది. మిగిలిన రెండు పెడళ్ళకీ స్టీరింగు పక్కన ఒక లివరు కలిపితే చాలు. బ్రేకుకి లివరుని ముందుకి తోయాలి. అదే సరైన దిశ. కారు ఠక్కున ఆగినప్పుడు ఒళ్ళు ముందుకే పోతుంది, దానితోపాటు చెయ్యీ పోతుంది. ఆ తోపు బ్రేకుని ఇంకా గట్టిగా పట్టేలా చేస్తుంది. అదే లివరు బ్రేకుకి వెనక్కి లాగేదైతే సరిగ్గా అవసరమైనప్పుడు పట్టు తప్పుతుంది. ఇది ఆలోచించి పెట్టినవాడికి నమస్కారం.

కుర్చీతో సహా పోయే కారుకి వెనక ర్యాంపు కావాలి. భవనాల్లో ర్యాంపు వాలు 12 అడుగులకి ఒక అడుగు మించకూడదంటారు. కారు నేల ఒక అడుగు ఎత్తున ఉంటే 12 అడుగుల ర్యాంపు ఏ కారులోనూ పట్టదు. నాలుగడుగుల ర్యాంపుతో సరిపెడితే, మనిషీ కుర్చీ కలిసి 80 కిలోలనుకుంటే, దాదాపు 20 కిలోల బలంతో తోయాలి. 12 అడుగుల వాలుకైతే ఆరేడు కిలోలు చాలు. తోసేది అరవై దాటిన తల్లో తండ్రో అయిన ఇళ్ళలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి కారు నేలని కోసి కిందికి దించాలి. కూర్చున్న మనిషి తల పైకప్పుకి తగలకుండా ఉండటానికీ అదే దారి. పైకి విశాలంగా కనబడే ఈకో వ్యాన్‌లో ఇది కష్టం. దాని ఇంజను ముందు సీట్ల కింద ఉండి వెనక చక్రాలని తిప్పుతుంది, ఆ షాఫ్టు, డిఫరెన్షియలు నేల కిందే ఉంటాయి. చిన్నదైనా వ్యాగన్‌ఆర్ ముందు చక్రాలతో నడుస్తుంది, వెనక తిరిగే షాఫ్టు లేదు. పెట్రోలు ట్యాంకు, స్పేర్ టైరు చోటు మార్చి నేల దించవచ్చు. కోసిన నేల బలం తిరిగి తెచ్చారా లేదా అన్నది వెనక డోరు చెబుతుంది. అంచు చుట్టూ సందు సమానంగా ఉండి, గతుకులో గలగలలాడకపోతే లోపలి పని బాగున్నట్టు.

కుర్చీని నాలుగు పట్టీలతో నాలుగు మూలలా నేలకి కట్టాలి, ముఖం ముందువైపే ఉండాలి. పట్టీ కొక్కెం కుర్చీ ఫ్రేముకి తగలాలి, ఊడివచ్చే చేతిపిడికో కాలిపీటకో తగిలించకూడదు. మనిషి బెల్టు వేరుగా, కారు బాడీకే బిగించి ఉండాలి. కుర్చీకే బెల్టు ఉందిలే అని చాలామంది వదిలేస్తారు. అది కూర్చోవడానికి, గుద్దుకున్నప్పుడు ఆపడానికి కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వికలాంగుల సహకార సంస్థలు మోటారు బండ్లు పంచుతున్నాయి. వాటితో చదువు పూర్తిచేసినవాళ్ళు, చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. పంచే పద్ధతి గురించి నాకొక మాట ఉంది. బ్రిటన్‌లో 1940ల చివర్లో బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజినీరు నడుము పడిపోయిన తన బంధువు కోసం ఇన్వాకార్ అనే బుల్లి మూడు చక్రాల కారు చేశాడు. ప్రభుత్వం దాన్నే అందరికీ ఇచ్చింది. లేత నీలిరంగు, ఒకటే సీటు. భార్యనో బిడ్డనో పక్కన కూర్చోబెట్టుకోవడానికి చోటు లేదు. 1977లో మోటబిలిటీ పథకం వచ్చాక ఎవరికి నప్పే కారు వాళ్ళు ఎంచుకునే వీలు కలిగింది, 2003లో ఇన్వాకార్లు రోడ్డెక్కడం ఆగిపోయింది. మన దగ్గరా ఒకే నమూనా బండి వంద మందికి ఇచ్చే బదులు, బండి ఇచ్చేచోటే ఆ షెడ్డు మెకానిక్ లాంటి ఒకణ్ణి కూర్చోబెట్టి, ఎక్కేవాళ్ళని ఎక్కనిచ్చి, కొలత తీసుకుని, పట్టుకడ్డీ చోటు, స్ప్రింగు బిగువు సరిచేసి ఇవ్వొచ్చు. ఒక్కో బండికి గంట పని. ఆ గంట ఖర్చు బండి ధరలో లెక్కకి కూడా రాదు.

ఆ మెకానిక్ ముందు ఇప్పుడు కొత్త లెక్కలున్నాయి. పక్క చక్రాల స్కూటరుకి పాత బాధ రివర్సు. ఇరుకు గల్లీలో ముందుకి వెళ్ళిపోతే వెనక్కి రావాలంటే ఎవరో ఒకరు వచ్చి లాగాలి. టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ కొత్త చేతక్ లాంటి ఎలక్ట్రిక్ స్కూటర్లలో వెనక్కి నడిపే బటన్ కంపెనీయే ఇస్తోంది. పార్కింగు సులువు కోసం పెట్టినది ఇక్కడ రెండో మనిషి అవసరాన్నే తీసేస్తుంది. చిక్కు బిగించే దగ్గర ఉంది. ఐక్యూబ్ మోటారు వెనక చక్రంలోనే ఉంది, దాని చుట్టూ వైర్లున్నాయి. చేతక్ వెనక చక్రానికి ఒకవైపే చెయ్యి ఉంది, రెండోవైపు ఫ్రేము ఆనడానికి ఆధారం లేదు. బ్యాటరీ ఫుట్‌బోర్డు కింద ఉన్న బండికి అక్కడ రంధ్రం వేయడానికి లేదు. ఎవరో ఇచ్చివెళ్ళిన ఐక్యూబ్‌ని స్టాండు మీద నిలబెట్టి, పక్క ప్యానెళ్ళు విప్పి, బరువు మోసే బోల్టులు ఏవో వెతికి అతను పేపరు మీద బొమ్మ వేసుకున్నాడు. నాలుగు చోట్లు దొరికాయట, ఆరు కావాలి.